అద్దాలకు చుక్కలు: పిట్టలు గుద్దుకోని భవనం కోసం మా ప్రాజెక్టు డైరీ

పని ఏంటి

మా కాలేజీ లైబ్రరీ మూడంతస్తుల భవనం. తూర్పు, ఉత్తరం వైపుల నేల నుంచి పైకప్పు దాకా అద్దాలే. ఎదురుగా పెద్ద చెట్లు. లోపల కూర్చుని చదువుకునేవాళ్ళకి ఇది చాలా బాగుంటుంది. పిట్టలకే బాగోదు. ఎగిరొచ్చి అద్దాన్ని గుద్దుకుని కింద పడతాయి. కొన్ని అక్కడికక్కడే చచ్చిపోతాయి, కొన్ని కాసేపు తూలి మళ్ళీ ఎగిరిపోతాయి. ఎగిరిపోయింది కదా అని బతికిందనుకోవడానికి లేదు. తలలో నెత్తురు చిమ్మిన పిట్ట ఏ పొదలోకో వెళ్ళి పడిపోతే మనకి తెలిసేదెలా?

ఈ గుద్దుకోవడాన్ని తగ్గించడమే మా ప్రాజెక్టు. బృందంలో నేను, బోటనీ చెప్పే సారు, కొందరు డిగ్రీ విద్యార్థులు, భవనం నిర్వహణ చూసే సూపర్‌వైజర్, పొద్దున్నే ఆవరణ ఊడ్చే ఆవిడ ఉన్నాం. ఆవిడని ఈ వరసలో చివర రాశాను గానీ అసలు సమాచారమంతా ఆవిడ దగ్గరే ఉంది. "ఆ మెట్ల మూలకాడ ఎప్పుడూ ఏదో ఒకటి పడుంటది సార్, నేనే తీసి చెట్టు మొదట్లో పూడ్చిపెడతా" అని మొదటి మాటలోనే చెప్పేశారు. ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు కాబట్టి ఆవిడా చెప్పలేదు. ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునేవాళ్ళు ముందు చీపురు పట్టేవాళ్ళతో మాట్లాడండి.

ముందు లెక్క

భవనంలో అద్దాలన్నిటికీ ఏదో ఒకటి అంటించేంత డబ్బు మా దగ్గర లేదు. అందుకని ఏ అద్దం పిట్టల్ని చంపుతోందో తేల్చుకోవడమే మొదటి పని అయింది. ప్రతి పలకకీ తూ-1, తూ-2, ఉ-1 అని నంబర్లు ఇచ్చాం. ఏ అంతస్తు, ఎదురుగా చెట్టు ఎంత దూరం, లోపల మొక్కల కుండీలేమైనా ఉన్నాయా, ఇవన్నీ ఒక నోటుబుక్కులోకి ఎక్కాయి.

తెల్లవారగానే, చీపురు పడకముందే ఒకరు భవనం చుట్టూ తిరిగి చూస్తారు. ఆలస్యమైతే లెక్క తప్పుతుంది. కాకులూ పిల్లులూ మనకంటే ముందు లేస్తాయి, పిట్ట ఎక్కడ పడుతుందో వాటికి అలవాటైపోయి ఉంటుంది. చీమలు పట్టాయంటే చిన్న పిట్టకి నాలుగు ఈకలు తప్ప ఏమీ మిగలదు. మధ్యాహ్నం కూడా ఒకసారి తిరగాలని బోటనీ సారు పట్టుబట్టారు. ఎందుకో తర్వాత అర్థమైంది. తూర్పు అద్దాల ముందున్న చెట్ల మీద మా వైపు నుంచి ఎండ పడేది మధ్యాహ్నం దాటాకే. అప్పుడు అద్దంలో చెట్టు అసలు చెట్టంత తేటగా కనిపిస్తుంది.

శవాలు ఒక్కటే చూస్తే సరిపోదు. పావురం గుద్దుకుంటే దాని ఒంటి మీది సన్నని పొడి అద్దానికి అంటి, తలా రెక్కలూ విప్పారిన ఆకారం అచ్చుపడిపోతుంది. ఏటవాలుగా వెలుతురు పడినప్పుడు చూస్తే గానీ కనపడదు. చిన్న పిట్టలైతే ఒక ఈక, ఒక తడి మరక వదిలిపోతాయి. అద్దాలు తుడిచేవాళ్ళని "తుడిచే ముందు మాకోసారి చెప్పండి" అని బతిమాలుకున్నాం. ఏమీ దొరకని పూట కూడా "సున్నా" అని రాయడం మా నియమం. విద్యార్థులకి ఇది విసుగు. కానీ సున్నాలు రాయకపోతే రేపు "తగ్గింది" అని చెప్పడానికి ఆధారం ఉండదు.

దొరికినవాటిలో పావురాలు, గువ్వలు, కోకిలలు, బుల్బుల్‌లు, ఒక లకుముకిపిట్ట ఉన్నాయి. ఒక పొద్దున పొన్నంగి పిట్ట దొరికింది. రాత్రిపూట వలస ప్రయాణం చేసే పిట్ట అది, ఊరి మధ్య మామూలుగా కంట పడదు. మొదటిసారి అంత దగ్గరగా చూడటం, అదీ చచ్చిపోయాక. ఆ పూట ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు.

నోటుబుక్కులోని గుర్తులన్నీ భవనం ప్లాను మీద పెట్టి చూస్తే విషయం తేలిపోయింది. ఎక్కువ భాగం మెట్ల మూల దగ్గర, తూర్పు వైపు కింది రెండు అంతస్తుల్లో చెట్లకి సరిగ్గా ఎదురుగా ఉన్న కొన్ని పలకల దగ్గర పోగుపడ్డాయి. చెట్ల తలలు దాటిన పై వరసలో దాదాపు ఏమీ లేదు. ఉత్తరం వైపు సగం మేర శుభ్రంగా ఉంది.

ఇది మా ఒక్క భవనం సంగతి కాదు. అద్దాలకి తగిలి అమెరికాలో ఏటా 36.5 కోట్ల నుంచి 98.8 కోట్ల దాకా పక్షులు చనిపోతున్నాయని 2014లో వచ్చిన ఒక అంచనా ఉంది. అందులో 12 అంతస్తులూ ఆ పైన ఉన్న భవనాల వాటా 1 శాతం కూడా లేదు. మిగతాదంతా మామూలు ఇళ్ళు, ఓ మోస్తరు ఎత్తున్న భవనాలే. ఒక్కో భవనాన్ని విడిగా తీసుకుంటే ఎత్తైనదే ఎక్కువ చంపుతుంది, నిజమే. కానీ లోకంలో ఆకాశహర్మ్యాలెన్ని, మూడంతస్తుల భవనాలెన్ని? పిట్టలు తిరిగేది చెట్ల ఎత్తులో. కాబట్టి చెట్టుకి ఎదురుగా ఉన్న అద్దాన్నే ముందు పట్టుకోవాలి.

పిట్ట ఎత్తున నిలబడి చూస్తే

అందరం ఒక పూట చెట్ల దగ్గర నిలబడి భవనాన్ని చూశాం. లోపల్నుంచి చూసి ఎన్ని మాట్లాడుకున్నా లాభం లేదు, చూడాల్సింది బయటి నుంచే.

రెండు రకాల అద్దాలు కనపడ్డాయి. మొదటి రకం చెట్లనీ ఆకాశాన్నీ చూపిస్తుంది. గది లోపల చీకటిగా, బయట వెలుగుగా ఉంటే మామూలు పారదర్శకమైన అద్దం కూడా అలాగే అవుతుంది. పిట్ట కొమ్మ మీద వాలడానికి వచ్చే వేగంతోనే అద్దంలోని ఆ కొమ్మ బొమ్మలోకి వచ్చేస్తుంది. రెండో రకం మా మెట్ల మూల. రెండు అద్దపు గోడలు కలిసే చోట ఒక వైపు నుంచి చూస్తే అవతలి చెట్టు కనిపిస్తుంది. మధ్యలో ఖాళీ ఉందనుకుని పిట్ట అడ్డదారి పడుతుంది. ఊడ్చే ఆవిడ చెప్పిన మూల ఇదే.

"మనం కూడా అప్పుడప్పుడు అద్దం తలుపుకి గుద్దుకుంటాం కదా సార్" అన్నాడొక విద్యార్థి. గుద్దుకుంటాం. కానీ మనకి తలుపు చట్రం, పిడి, గోడ చూసి ఇక్కడ అద్దం ఉండొచ్చు అని ఊహించడం వచ్చు. పిట్టకి ఆ ఊహ లేదు. పైగా చాలా పక్షులకి కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి. పక్కనుంచి వచ్చే డేగని కనిపెట్టడానికి పనికొచ్చే చూపు అది, నేరుగా ముందున్నదాన్ని కొలవడానికి అంతగా పనికిరాదు. డేనియల్ క్లెమ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1970ల నుంచీ ఇదే పని మీద ఉన్నారు. ఆయన చెప్పే మాటల సారం ఒక్కటే: పిట్టకి అద్దం ఒక అడ్డంకిలా కనపడదు, బలమైన పిట్ట అయినా బలహీనమైన పిట్ట అయినా ఒకటే.

మెట్ల దగ్గర అద్దానికి లోపలివైపు ఎవరో ఎప్పుడో డేగ బొమ్మ స్టిక్కర్లు రెండు అంటించి ఉన్నాయి. డేగని చూసి పిట్టలు భయపడి పారిపోతాయని నమ్మకం. పారిపోవు. కదలని నల్లమచ్చ అది, దాని పక్కనుంచి వెళ్ళిపోతే సరిపోతుంది కదా అని పిట్ట లెక్క. ఒక స్టిక్కరుకి జానెడు పక్కనే పావురం అచ్చు కనిపించింది. బొమ్మ ఏదన్నది కాదు, బొమ్మల మధ్య ఎంత ఖాళీ ఉందన్నదే ముఖ్యం. చిన్న పిట్ట తాను దూరగలననుకునే ఖాళీ లేకుండా అద్దమంతా గుర్తులు ఉండాలి. ఇప్పుడు అందరూ వాడే కొలత 5 సెంటీమీటర్లు, అడ్డంగానూ నిలువుగానూ.

ఇంకో నియమం, బయటివైపే అంటించాలి. లోపల అంటిస్తే బయటి ముఖం మీద పడే చెట్ల ప్రతిబింబం దాన్ని కప్పేస్తుంది. అద్దానికి అంటించే పలచటి ఫిల్మును లోపలా బయటా అంటించి పోల్చిన ప్రయోగం ఒకటి 2023లో వెలువడింది. బయట అంటించినది పనిచేసింది, లోపల అంటించినది పనిచేయలేదు. అతినీలలోహిత గుర్తుల సంగతి కూడా చదివాం. మనకి కనపడవు, చిన్న పిట్టల్లో చాలావాటికి కనిపిస్తాయి. వినడానికి బాగుంది. కానీ పావురాల్లాంటివాటికి ఆ వెలుగు అంత బాగా కనపడదు, పైగా తెల్లవారుజామున అది తక్కువ. మాకు పావురాలూ తెల్లవారుజామూ రెండూ ముఖ్యమే. వదిలేశాం.

మీటింగు

యాజమాన్యంతో మీటింగంటే అందరికీ టెన్షనే. అడుగుతారనుకున్న ప్రశ్న మొదటే వచ్చింది: "అద్దాలు పెట్టించింది వెలుతురు కోసం. ఇప్పుడు చుక్కలు పెట్టి మూసేస్తారా?"

దీనికి లెక్క కట్టి తీసుకెళ్ళాం. చుక్క వ్యాసం 6 మిల్లీమీటర్లు. చుక్కల మధ్య 5 సెంటీమీటర్ల ఎడం. అంటే ప్రతి 25 చదరపు సెంటీమీటర్లకి ఒక చుక్క. చుక్క వైశాల్యం 0.28 చదరపు సెంటీమీటర్లు. మొత్తం మీద అద్దంలో నూటికి ఒక వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే మూసుకునేది. 120 సెంటీమీటర్ల వెడల్పు, 200 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పలకకి 960 చుక్కలు పడతాయి. వినడానికి ఎక్కువ అనిపిస్తుంది గానీ, ఒక పలక మీద నమూనాకి అంటించి లోపల కుర్చీలో కూర్చోబెడితే రెండు నిమిషాల్లో మర్చిపోతారు.

షికాగోలోని మెక్‌కార్మిక్ ప్లేస్ సంగతి కూడా చెప్పాం. సరస్సు ఒడ్డున, చుట్టూ అద్దాలున్న సమావేశ భవనం. 2023 అక్టోబరులో ఒక్క రాత్రిలో అక్కడ దాదాపు వెయ్యి పక్షులు చచ్చిపడ్డాయి. మరుసటి ఏడు వేసవిలో అద్దాలకి చుక్కల ఫిల్ము వేశారు. ఆ శరదృతువులో చావులు 95 శాతం దాకా తగ్గాయి. అంత పెద్ద భవనానికే అందం చెడలేదు. న్యూయార్క్ నగరమైతే చట్టమే చేసింది. 2021 జనవరి నుంచి కొత్తగా కట్టే భవనాల్లో నేల నుంచి 75 అడుగుల ఎత్తు వరకు బయటి గోడలో 90 శాతం పక్షులకి హాని చేయని సామగ్రితో ఉండాలి. పై అంతస్తుల జోలికి పెద్దగా వెళ్ళకుండా కింది 75 అడుగులే పట్టుకోవడం మా నోటుబుక్కు చెప్పినదానికి సరిపోయింది.

అనుమతి వచ్చింది, మెలికతో. ముందు తక్కువ ఖర్చులో ఏదైనా చేసి చూపించండి, పనిచేస్తే మిగతాది చూద్దాం అన్నారు. సబబే.

సబ్బుతో గీతలు

మెట్ల మూలలో నేల అంతస్తు పలకల మీద బయటివైపు సబ్బు బిళ్ళతో నిలువు గీతలు గీశాం. గీతకీ గీతకీ 5 సెంటీమీటర్లు. చెక్క బద్ద ఒకటి 5 సెంటీమీటర్ల వెడల్పున కోసి పెట్టుకుంటే టేపుతో కొలిచే పని ఉండదు, బద్ద జరుపుతూ గీసుకుంటూ పోవడమే. పక్క పలకల మీద విద్యార్థులు పోస్టర్ కలర్‌లో రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి చుక్కలు పెట్టారు. చూసి నవ్వినవాళ్ళు ఉన్నారు. "పెళ్ళికూతురి ముస్తాబా?" అని లైబ్రేరియన్ మేడమ్ ఆటపట్టించారు.

ఖర్చు దాదాపు సున్నా. వాన పడితే కొట్టుకుపోతుంది, మళ్ళీ గీసుకోవాలి. అయినా ఈ గీతలున్నన్నాళ్ళూ ఆ పలకల దగ్గర నోటుబుక్కులో సున్నాలే పడ్డాయి, పక్కనే గీతలు లేని పలక దగ్గర మాత్రం గువ్వ పడింది. మాకు కావలసిన ఋజువు అదే. వలస కాలం నడుస్తుండగా అనుమతుల కోసం ఎదురుచూసే బదులు ఈ పని ఎవరైనా వెంటనే చేసుకోవచ్చు. అద్దెకున్న ఇంట్లో కిటికీకైనా సరే, ఖాళీ చేసేటప్పుడు తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

తాళ్ళు

మొదటి అంతస్తులో చుక్కలకి బదులు తాళ్ళు వేలాడదీద్దామనుకున్నాం. పద్ధతి చాలా సులువు. అద్దానికి బయట, పైన ఒక అల్యూమినియం పట్టీ. దానికి 10 సెంటీమీటర్లకొక రంధ్రం. ఒక్కో రంధ్రం నుంచి 3 మిల్లీమీటర్ల మందమున్న నైలాన్ తాడు అద్దం అడుగు దాకా వేలాడుతుంది. పైన ముడి, కింద ఏమీ కట్టం. తాళ్ళు అద్దానికి ముందు గాలిలో ఉండి కొద్దిగా కదులుతుంటాయి కాబట్టి గీతల కంటే రెట్టింపు ఎడం ఉన్నా పిట్టలు తప్పుకుంటాయి. మా పలక వెడల్పుకి పన్నెండు తాళ్ళు సరిపోయాయి.

ముడి దగ్గర జాగ్రత్త అవసరం. నైలాన్ తాడు కోసిన చోట పోగులు విడిపోతాయి, అగ్గిపుల్లతో కాల్చి అంచు మూయాలి. ముదురు రంగు తాడు తీసుకున్నాం, ఎండకి తొందరగా వెలవదని. లోపల్నుంచి చూస్తే సన్నటి గీతల్లా కనపడతాయి, కంటికి అడ్డు రావు.

ఈదురుగాలి వచ్చిన సాయంత్రం మూల పలక తాళ్ళన్నీ జడ అల్లినట్టు పెనవేసుకుపోయాయి. భవనం మూల దగ్గర గాలి సుడి తిరుగుతుంది, మిగతా చోట్ల ఈ బాధ లేదు. మూల పలక వరకు అడుగున కూడా ఒక పట్టీ వేసి తాళ్ళని దానికి కాస్త వదులుగా కట్టాం. బిగించి కడితే గాలికి వీణ తీగల్లా మోగి చదువుకునేవాళ్ళని విసిగిస్తాయని సూపర్‌వైజర్ ముందే హెచ్చరించారు.

నా మట్టుకు నాకు ఈ తాళ్ళ పద్ధతే అన్నిటికంటే నచ్చింది. చేతితో చేసుకోవచ్చు, పాడైతే ఒక్క తాడు మార్చుకోవచ్చు, ఏ కంపెనీ మీదా ఆధారపడక్కర్లేదు. చూడ్డానికి బాగోదన్నవాళ్ళతో నేను వాదించలేదు.

చుక్కల టేపు

నేల అంతస్తులో తాళ్ళు కుదరవు. జనం తిరుగుతారు, లాగుతారు. అక్కడ శాశ్వతంగా ఉండే చుక్కల టేపు. దీనిలో చుక్కలు ఒక పారదర్శకమైన పట్టీ మీద వరసగా ఉంటాయి. పట్టీని అద్దానికి అంటించి రుద్ది, తర్వాత పట్టీ లాగేస్తే చుక్కలు మాత్రం అద్దం మీద నిలుస్తాయి.

శుభ్రం చేయడంలోనే సగం పని ఉంది. ముందు సబ్బునీళ్ళు, తర్వాత మంచినీళ్ళు, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. వేలిముద్ర పడినా ఆ చోట చుక్క ఊడిపోతుంది. ఎండ నేరుగా పడుతున్న అద్దం మీద అంటించకూడదు, జిగురు వేడికి సాగుతుంది. అందుకని తూర్పు వైపు పని మధ్యాహ్నం తర్వాత, ఉత్తరం వైపు పని ఉదయం పెట్టుకున్నాం.

ఇద్దరు కావాలి. ఒకరు పై నుంచి పట్టీ వదులుతుంటే ఇంకొకరు గట్టి ప్లాస్టిక్ అంచుతో కిందికి రుద్దుకుంటూ రావాలి. పట్టీ లాగేటప్పుడు అద్దానికి దాదాపు ఆనించి, వెనక్కి మడిచినట్టు మెల్లగా లాగాలి. ముందుకి లాగితే చుక్కలు కూడా పట్టీతో వచ్చేస్తాయి. మొదటి పలక పూర్తయ్యేసరికి అందరి చేతులూ కుదిరాయి, ఆ తర్వాత వేగం వచ్చింది. వరసలు నిటారుగా ఉండటానికి పైన లంబసూత్రం కట్టాం. ఒక వరస ఒంకరపోతే పిట్టకి తేడా లేదు, యాజమాన్యానికి ఉంది.

రాత్రి లైట్లు

అద్దం సగం సమస్య, వెలుగు ఇంకో సగం. రాత్రిపూట వలస వెళ్ళే పక్షులని వెలుగు తన వైపు లాగి దారి తప్పిస్తుంది. న్యూయార్క్‌లో సెప్టెంబరు 11 జ్ఞాపకార్థం ఏటా ఒక రాత్రి ఆకాశంలోకి వేసే జంట వెలుగు స్తంభాల చుట్టూ 2008 నుంచి 2016 మధ్య ఏడు రాత్రుల్లో దాదాపు 11 లక్షల పక్షులు చిక్కుకుని తిరిగాయని రాడార్ సాయంతో అంచనా వేశారు. అక్కడ లైట్లు ఆర్పగానే పక్షులు కొద్ది నిమిషాల్లోనే చెదిరి తమ దారిన పోయాయి. షికాగో భవనం మీద 2021లో వచ్చిన అధ్యయనం ఇంకా సూటిగా చెప్పింది. వెలిగే కిటికీల వైశాల్యాన్ని అక్కడ అంతకుముందు నమోదైన అతి తక్కువ స్థాయికి తెస్తే చావులు 60 శాతం దాకా తగ్గుతాయట.

లైబ్రరీ మూసేశాక కూడా మెట్ల దగ్గర లైట్లన్నీ తెల్లవార్లూ వెలుగుతుండేవి. ఎందుకని అడిగితే "ఎప్పుడూ అంతే సార్" అన్నాడు వాచ్‌మన్. అతనికి చీకట్లో తిరగాల్సిన పని ఉంది కాబట్టి అన్నీ ఆర్పేయమనడం అన్యాయం. మనిషి కదలికకి వెలిగే సెన్సర్లు మెట్ల దగ్గర పెట్టించాం. బయటి దీపాలకి పైన మూత వేసి వెలుగు నేల మీదికే పడేలా తిప్పాం. పైకప్పు మీద బోర్డు కోసం పైకి చూసే ఫ్లడ్‌లైటు ఒకటి ఉండేది, దాన్ని టైమరుకి కలిపాం. ఇదంతా ఒక ఎలక్ట్రీషియన్‌కి ఒక పూట పని. ప్రాజెక్టు మొత్తంలో అతి తక్కువ శ్రమతో అయిపోయింది ఇదే, కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది కాబట్టి అభ్యంతరం చెప్పినవాళ్ళు లేరు.

పైపులు, వలలు, నీళ్ళ గిన్నెలు

పైకప్పు మీదికి వెళ్ళినప్పుడు నిలువుగా నోరు తెరుచుకుని ఉన్న పాత ప్లాస్టిక్ పైపులు కనిపించాయి. తొర్రల్లో గూడు పెట్టే పిట్టలు వాటిలోకి దిగితే నున్నటి గోడ ఎక్కి బయటికి రాలేవు, రెక్కలు చాపే చోటు ఉండదు. పనిలేని పైపులకి మూతలు బిగించాం, గాలి ఆడాల్సినవాటికి తుప్పు పట్టని జాలీ కట్టాం.

పావురాలు రాకుండా కట్టిన వల ఏసీ యూనిట్ల దగ్గర చిరిగి వేలాడుతోంది. బిగుతుగా ఉన్న వల పిట్టని ఆపుతుంది, వదులైన వల పట్టుకుని చంపుతుంది. విప్పి మళ్ళీ బిగించాం.

విద్యార్థులు ప్రేమతో అద్దాల ముందు నాలుగైదు మీటర్ల దూరంలో నీళ్ళ గిన్నెలు పెట్టారు. అదే అన్నిటికంటే ప్రమాదకరమైన దూరం. గిన్నె దగ్గర బెదిరిన పిట్ట వేగం అందుకునేసరికి అద్దం ఎదురొస్తుంది. అయితే అద్దానికి మీటరు లోపు పెట్టాలి, అప్పుడు వేగం అందుకునే చోటుండదు. లేదా 10 మీటర్ల అవతల పెట్టాలి. మేం చెట్ల వెనక్కి మార్చాం.

దెబ్బ తగిలిన పిట్ట

వాచ్‌మన్ గదిలో ఒక అట్టపెట్టె ఉంచాం. చిన్న రంధ్రాలు, అడుగున జారని గుడ్డ. కింద పడి కదలకుండా ఉన్న పిట్టని మెత్తటి గుడ్డతో పట్టుకుని పెట్టెలో పెట్టి మూసి, చీకటిగా, సద్దు లేని చోట ఉంచాలి. నోట్లో నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గింజలు పెట్టకూడదు. ఫోటోల కోసం మాటిమాటికీ మూత తీయకూడదు. ఈ మూడో నియమం పాటించడమే విద్యార్థులకి కష్టంగా ఉంది. గంట తర్వాత ఆరుబయట, అద్దాలకి దూరంగా తీసుకెళ్ళి మూత తెరిస్తే బాగుంటే ఎగిరిపోతుంది. ఎగరకపోయినా, రెక్క వేలాడుతున్నా, తల ఒక పక్కకి వాలిపోతున్నా పక్షుల వైద్యం తెలిసినవాళ్ళకి అప్పగించాల్సిందే.

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో అద్దాలకి తగిలి చికిత్సకి చేరిన మూడు వేలకి పైగా పక్షుల రికార్డులు చూసి 2024లో ఒక అధ్యయనం ప్రచురించారు. వైద్యం అందినా దాదాపు 60 శాతం బతకలేదు. పెట్టె ఉంచాం కదా అని మురిసిపోవడానికి లేదు.

ఇప్పటికి ఎక్కడున్నాం

మెట్ల మూలలో చుక్కలు వేసిన పలకల దగ్గర ఆ తర్వాత కొత్తగా ఏమీ పడలేదు. తాళ్ళ కింద ఒక ఈక కనిపించింది, శవం లేదు. గుర్తులు వేయని పలకల దగ్గర మాత్రం అప్పుడప్పుడు పడుతూనే ఉన్నాయి. ఒక వలస కాలం మాత్రమే గడిచింది, రెండో ఏడు లెక్క కూడా వస్తే గానీ గట్టిగా మాట్లాడను. పొద్దున తిరుగుడు ఆపేద్దామా అని అడిగారు విద్యార్థులు. ఆపకూడదన్నాను. ఊడ్చే ఆవిడ ఇప్పుడు పలక నంబరుతో సహా చెబుతున్నారు.

ఆఫీసు కిటికీ దగ్గర ఒక మగ బుల్బుల్ రోజూ అద్దాన్ని ముక్కుతో పొడుస్తోంది. అది గుద్దుకోవడం కాదు, తన ప్రతిబింబాన్ని వేరే మగపిట్ట అనుకుని తరమడం. జత కట్టే కాలం పోతే మానేస్తుంది. దెబ్బ తగిలేంత వేగం ఉండదు గానీ అలసిపోతుంది, అందుకని బయటివైపు పాత వార్తాపత్రిక అంటించాం. ఈ రెండింటినీ నోటుబుక్కులో కలిపి రాయవద్దని చెప్పాను.

కాలేజీ కొత్త బ్లాకు ప్లాన్లు తయారవుతున్నాయని తెలిసి, ఆర్కిటెక్టుని కలిశాం. కట్టాక చుక్కలు అంటించడం కంటే గాజులోనే నమూనా కాల్చి వేయించడం ఎన్నో రెట్లు నయం. అలాంటి గాజుని పరీక్షించడానికి అమెరికాలోనూ ఆస్ట్రియాలోనూ సొరంగాలు కట్టారు. ఒక చివర మామూలు అద్దం, గుర్తులున్న అద్దం పక్కపక్కనే పెట్టి పిట్టని వదిలి ఎటు వెళ్తుందో చూస్తారు, అద్దానికి ముందే వల ఉంటుంది కాబట్టి పిట్టకి దెబ్బ తగలదు. టెండరులో చేర్చమని మేం రాసిచ్చినవి: నమూనా గాజు బయటి ముఖం మీదే ఉండాలి, ఎడం 5 సెంటీమీటర్లు మించకూడదు, చెట్లు పెరిగి చేరే ఎత్తు వరకు ప్రతి పలకకీ ఉండాలి, మూలల్లో అద్దానికి అద్దం ఎదురుగా రాకూడదు. ఆర్కిటెక్టు మూడింటికి ఒప్పుకున్నారు. మూలల దగ్గర ఇంకా బేరం నడుస్తోంది, ముఖద్వారం పక్కన అద్దపు మూల లేకపోతే డిజైనే పోతుందంటున్నారు. అక్కడ కనీసం నిలువు పట్టీలైనా వేయించాలని అడుగుతున్నాం.

పాత భవనంలో తూర్పు వైపు మొదటి అంతస్తులో కొన్ని పలకలు మిగిలాయి. నిచ్చెన అందదు. బయటి అద్దాలు తుడవడానికి తాళ్ళ మీద దిగే మనుషులు వచ్చే వారం వస్తున్నారు. వాళ్ళు తుడవడానికి ముందు మేం మరకలు రాసుకోవాలి, తుడిచాక వాళ్ళ చేతే పట్టీలు బిగింపించాలి. రంధ్రాలు వేసిన పట్టీలు సిద్ధంగా ఉన్నాయి. తాడు ఇంకో చుట్ట తెప్పించాలి.